బావ మీటరు మోగలేదు

ఆగస్టు 4, సోమవారం. బోర్డు 271

పొద్దున్నే నిచ్చెన ఎక్కి గేటు పక్క బోర్డు మీద అంకె మార్చాను. "వేడినీళ్ల లైను ఆగకుండా నడిచిన రోజులు" అని పైన పెద్ద అక్షరాలు, కింద మూడు పలకలు. ఒకటి తీసి ఇంకొకటి తగిలించడమే పని. అయినా ఆ పని ఇంకెవరికీ ఇవ్వను.

మా ఆసిడ్ ప్లాంటు ఇన్నేళ్లూ సముద్రంలోకి పారబోసిన వేడిని ఇప్పుడు నీళ్లకి ఎక్కించి పక్కవాళ్లకి పంపిస్తున్నాం. చేపల ఫ్యాక్టరీ, రంగుల వాళ్లు, సబ్బుల వాళ్లు, ఓడల దుప్పట్లు ఉతికే లాండ్రీ. నాలుగు చోట్లా బాయిలర్లు పీకేశారు. హార్బరులో ఆరేసిన బట్టల మీద ఇప్పుడు మసి పడటం లేదు. మూడువందలవ రోజున, సెప్టెంబరు రెండున, వేరే హార్బర్ల నుంచి పెద్దలు ఇదంతా చూసిపోవడానికి వస్తున్నారు.

ఇవన్నీ నాకు తెలియనివేం కావు. మంచి మాటలు ముందు రాసుకుంటే అసలు మాట రాయడం తేలికవుతుందని రాశాను. తేలిక కాలేదు.

అసలు మాట. అలారం మళ్లీ మోగింది, వారంలో మూడోసారి. కూలరు లోపల ఒకవైపు ఆసిడ్, ఒకవైపు నీళ్లు, మధ్యన గోరంత మందం గొట్టాలు. గొట్టం చిల్లిపడి ఆసిడ్ నీళ్లలో కలిస్తే చెప్పడానికే అక్కడ ఒక మీటరు, దానికి ఆ అలారం. మోగిన పది నిమిషాల్లో ఎవరూ వచ్చి ఆపకపోతే లైను తనంతట తనే మూసుకుంటుంది. మొదటి రెండుసార్లు నీళ్లు పట్టి చూశాను. శుభ్రంగా ఉన్నాయి. వానకి కేబుల్లో తడి దూరింది, అంతే. ఇవాళ నేను పంపు గదిలో ఉన్నాను. పరుగెత్తుకుని వచ్చేసరికి ఎనిమిది నిమిషాలు. ఇంకో రెండు నిమిషాలైతే 271 కాస్తా సున్నా.

అందుకని మీటరు పెట్టెలో రెండు స్క్రూల మధ్య తీగ ముక్క వేశాను. వేలెడు పొడవు, ఎర్రది. అది ఉన్నంతసేపు అలారానికి నోరు లేదు. కొత్త కేబులు రాగానే తీసేస్తాను. రెండు రోజులు.

మూడోసారి నీళ్లు పట్టి చూడలేదు. రెండుసార్లు చూశాను కదా.

భయపడాల్సిందేమీ లేదు. మిగతా ముగ్గురూ వేడి తీసుకుని నీళ్లు వెనక్కి పంపేస్తారు. ఆ నీళ్లనే వాడుకునేది లాండ్రీ ఒక్కటే. లాండ్రీ గోడ దగ్గర, పైపు వాళ్ల వైపుకి దిగేచోట, రెండో మీటరు ఉంది. దాన్ని చూసుకునేది బావ, మా అక్క భర్త. నిజంగా ఏదైనా వస్తే అది మోగుతుంది.

ఆగస్టు 6, బుధవారం. 273

కేబులు రాలేదు.

ఆగస్టు 9, శనివారం. 276

కేబులు వచ్చింది. బీరువాలో పెట్టాను.

మార్చాలంటే లైను నాలుగు గంటలు ఆపాలి. సారు దగ్గరికి వెళ్లాను. ఆయన పొద్దున్నే ప్లాంటులోకి రాగానే ముందు బోర్డు వైపు చూస్తారు, తర్వాతే మనుషుల వైపు. అందుకే అందరూ ఆయన్ని బోర్డు సారు అంటారు.

"నాలుగు గంటలా? ఇప్పుడా?" అన్నారు.

"మీటరు కేబులు సార్. తడిసిపోయింది."

"ఇప్పుడు నడుస్తోందా లేదా?"

"నడుస్తోంది. కాస్త సర్దాను."

ఏం సర్దానో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. "ఇంకెంతమ్మా, నాలుగు వారాలు లేదు. వాళ్లొచ్చి వెళ్లిపోయాక ఒకరోజంతా ఆపుకో, నేనే కుర్చీ వేసుకుని పక్కన కూర్చుంటా" అన్నారు. నాకూ హాయిగానే అనిపించింది. నిజం చెప్పాలంటే ఆయన వద్దంటే బాగుండునని అనుకుంటూనే వెళ్లాను.

ఆగస్టు 12, మంగళవారం. 279

సాయంత్రం కింద అక్క వాళ్లింట్లో టీ. నేను పైన గదిలో ఉంటానన్న మాటే గాని టీ, భోజనం, తిట్లు, అన్నీ కిందే.

అక్క లాండ్రీలో ఇస్త్రీ విభాగం చూస్తుంది. "ఏమే, మీ నీళ్లకేమైంది? ఎంత సబ్బు వేసినా నురగ రావట్లేదు" అంది.

"పైపులో మట్టి ఉండి ఉంటుంది. వానాకాలం కదా."

"వానకీ పైపులో నీళ్లకీ ఏంటే సంబంధం?"

బావ అందుకున్నాడు. "దాన్నేమీ అనకు. దాని లైనుని అంటే దాన్నన్నట్టే. ఆ ఫ్యాక్టరీ చెమటతో మనం బట్టలు ఉతుకుతున్నాం, నురగ కూడా వాళ్లే పంపాలంటే ఎట్లా?"

బావ ఇరవై రెండేళ్లు బాయిలర్ దగ్గర పనిచేశాడు. లైను వచ్చి బాయిలర్ పోయినప్పుడు మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నేనే కూర్చుని నచ్చజెప్పాను. పొగ ఉండదు బావా, బొగ్గు ఉండదు, నీ దగ్గు తగ్గుతుంది అన్నాను. తగ్గింది కూడా. ఇప్పుడు వేడినీళ్ల ట్యాంకు, దాని మీటరు ఆయన చేతిలో ఉంటాయి. బాయిలర్ పోయినా దాని అలవాట్లు మాత్రం పోలేదు. ఏది ముట్టుకున్నా దాని మీద తేదీ రాస్తాడు. మా వంటగదిలో బల్బు మార్చినా హోల్డరు మీద తేదీ, కుళాయికి వాషరు వేసినా గోడ మీద తేదీ. ఒకరోజు నీ మొహం మీద కూడా రాస్తాడు, చూసుకో అని అక్కని ఏడిపిస్తుంటాను.

నురగ రాకపోవడానికి సవాలక్ష కారణాలు. సబ్బు మారి ఉండవచ్చు.

బావ మీటరు మోగలేదు.

ఆగస్టు 17, ఆదివారం. 284

అక్క పాత దుప్పటి ఒకటి తెచ్చింది, ఇల్లు తుడుచుకోవడానికి. లాండ్రీలో పక్కన పడేసినదట. రెండు చేతులతో పట్టుకుని లాగితే కాగితంలా చిరిగింది. ముఖ్యంగా మడతల దగ్గర, ఇస్త్రీ తగిలిన చోట.

"ఇది పాతది కూడా కాదే. రెండు నెలలయింది వచ్చి. ఈ వారం ఇట్లాంటివి నలభై" అంది. వేళ్లు చూపించింది. కొసల దగ్గర తోలు ఊడుతోంది. కొత్త సబ్బు పడలేదేమో అంది. నేనూ అదే అన్నాను.

సబ్బు మారిందని నాకు ఎంత సంతోషం వేసిందో. మారలేదని రాత్రికి తెలిసింది. డబ్బా రంగు మారిందంతే.

ఆగస్టు 20, బుధవారం. 287

నెలవారీ కాగితాలు పూర్తిచేశాను. పద్నాలుగు గళ్లు. ప్రతి గడిలోనూ అదే గ్రాంథికం: "పరీక్షించితిని, బాగున్నది." ఎవరి తాతగారు రాశారో. కూలరు మీటరు, టిక్కు. పంపులు, టిక్కు. లాండ్రీ వైపు మీటరు, టిక్కు. సంతకం.

ఆగస్టు 21, గురువారం. 288

ఏమీ లేదు.

ఆగస్టు 22, శుక్రవారం. 289

నిన్న "ఏమీ లేదు" అని ఎందుకు రాశాను? ఏమీ లేని రోజున ఎవరైనా రాస్తారా?

ఆగస్టు 24, ఆదివారం. 291

ఓడ ఒకటి త్వరగా బయల్దేరుతోందని లాండ్రీ ఇవాళ కూడా తెరిచారు. అక్క టిఫిన్ డబ్బా మర్చిపోయింది. నేనే తీసుకెళ్లాను. జేబులో లిట్మస్ కాగితాల పుస్తకం ఉంది. ఎందుకు పెట్టుకున్నావంటే ఏం చెప్పను?

అక్క చేతులు కడుక్కుంటుంటే కుళాయి కింద నా వేలు పెట్టాను, వేళ్ల మధ్య కాగితం. నీలం కాగితం ఎర్రబడింది. అలా ఇలా కాదు, అద్దిన కుంకుమలా.

పాత కాగితాలు. ఎండలో పెట్టిన కాగితాలు. ఇంటికొచ్చి తాగేనీళ్లలో ఇంకొకటి ముంచాను. నీలంగానే ఉంది. కాగితాలు మంచివే.

"ఏంటే అట్లా పాలిపోయావు?" అంది అక్క సాయంత్రం. ఎండ అన్నాను. బయట వాన పడుతోంది.

తీగ తీస్తే క్షణంలో తెలిసిపోతుంది. తెలిసిపోతుందనే తీయడం లేదు. ఈ వాక్యం రాసేదాకా ఇది నాకే తెలియదు.

అయితే మరి రెండో మీటరు ఎందుకు మోగడం లేదు? అంత ఆసిడ్ ఉంటే చెవులు చిల్లులు పడేలా మోగాలి. మోగలేదంటే లేదన్నట్టే కదా. మీటరు పెద్దదా, కాగితం పెద్దదా? మీటరే పెద్దది.

ఆగస్టు 27, బుధవారం. 294

బావ మీటరు మోగలేదు. బావ మీటరు మోగలేదు. బావ మీటరు మోగలేదు.

ఆగస్టు 28, గురువారం. 295

 మెల్లగా రాయాలి.

భోజనాల దగ్గర బావ చెప్పాడు. ట్యాంకు పైకప్పు అతుకు దగ్గర పగిలిందట. వేడి ఆవిరి బుసబుసమంటోందట. పెద్దలొచ్చే లోపల వెల్డింగు చేయించాలని వాళ్ల మేనేజరు పట్టుబట్టాడు. ఆదివారం పొద్దున ముహూర్తం.

"ఇంకో వింత" అన్నాడు. "ట్యాంకు గోడకి చెవి ఆనిస్తే లోపల బుడబుడమంటోంది. సోడా కొట్టినట్టు. ఇరవై రెండేళ్లలో ఎప్పుడూ వినలేదు. నీళ్లేమో ఎర్రగా తుప్పు రంగు."

"ఆ ట్యాంకు లోపల పూత ఉందిగా బావా?"

"ఎప్పటి పూత! పెచ్చులూడి ఇనుము బయటపడి ఏళ్లయింది."

అక్క పప్పు గిన్నె జరిపింది. నేను ఏం తిన్నానో తెలియదు.

ఇనుము మీద పలచటి ఆసిడ్ పడితే ఏమవుతుందో ఎనిమిదో తరగతిలో చూశాను. పరీక్షనాళికలో ఇనుప రజను వేసి, పైనుంచి ఆసిడ్ పోసి, బుడగలు లేస్తుంటే మా టీచరు నాళిక మూతి దగ్గర అగ్గిపుల్ల పెట్టింది. "టప్" మంది. అందరం నవ్వాం. ఇంకోసారి టీచర్, ఇంకోసారి అని గోల చేశాం.

అది వేలెడు నాళిక. ఇది ఒక గదంత ట్యాంకు. దాని కప్పు మీద కూర్చుని వెల్డింగు చేస్తారు. పక్కన నిలబడేది బావ.

ఆగస్టు 29, శుక్రవారం. 296

సారు దగ్గరికి వెళ్లాను. తలుపు దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగాను. మూడోసారి ఆయనే పిలిచారు.

"లైను ఇప్పుడే ఆపుదాం సార్."

"మళ్లీ కేబులేనా?"

"నీళ్లలో ఆసిడ్ ఉందేమోనని."

పెన్ను కింద పెట్టారు. "అలారం మోగిందా?"

ఇక్కడే చెప్పాల్సింది. తీగ వేశాను సార్, అందుకే మోగలేదు సార్. అంతే, రెండు ముక్కలు.  చెబితే నాలుగు ఫ్యాక్టరీలు ఆగుతాయి. బాయిలర్లు లేవు, వెనక్కి వెళ్లడానికి దారి లేదు. చేపలు కుళ్లుతాయి. రేపు లైను పేరెత్తితే నా పేరే. ఉద్యోగం ఒక్కటే కాదు, కేసు కూడా.

"లేదు" అన్నాను.

"లాండ్రీ వైపు మీటరు మోగిందా?"

"లేదు సార్."

"రెండు మీటర్లు ఉన్నవి ఎందుకమ్మా మరి? ఒకటి పొరపాటు పడుతుంది, రెండూ పడతాయా? నిద్ర సరిగా పోతున్నావా అసలు?"

నవ్వారు. నేనూ నవ్వాను. 

మధ్యాహ్నం రెండో మీటరు ఒక్కసారి చూసొద్దామని లాండ్రీ గేటు దాకా వెళ్లి తిరిగొచ్చాను. బావ ఎదురైతే, ఎందుకొచ్చావే అంటాడు.

ఆగస్టు 30, శనివారం. 297

బావని ఆదివారం ఆపడానికి అబద్ధాలు వెతికాను. నాకు ఒంట్లో బాగాలేదు, ఆసుపత్రికి తోడు రా అన్నాను.

"అక్కని తీసుకెళ్లు. నేను లేకపోతే ఆ అద్దాలాయన అతుకు వేయాల్సిన చోట వదిలేసి ఇంకెక్కడో వేస్తాడు." వెల్డింగు ఆయన నల్లద్దాలు నుదుటి మీదే ఉంటాయి ఎప్పుడూ, టీ తాగేటప్పుడు కూడా.

"వచ్చే ఆదివారం చేయించుకోవచ్చుగా."

"పెద్దోళ్లు మంగళవారం వస్తుంటే? నీ లైను చూడటానికొచ్చి మా ట్యాంకు కారడం చూసిపోతే నీకే కదా తలవంపులు." నా నెత్తి మీద చిన్నగా మొట్టాడు. "నీ కోసమే చేస్తున్నా. పోయి పడుకో."

నా కోసమేనట.

రేపు పొద్దున్నే లేచి చెప్పేస్తాను. ఎనిమిదింటికి బయల్దేరతాడు. ఏడున్నరకి కిందకి వెళ్లి మొత్తం చెప్పేస్తాను. ఇది రాతపూర్వకంగా ఉంచుతున్నాను, మళ్లీ మాట మార్చకుండా.

ఆగస్టు 31, ఆదివారం

అంకె రాయను.

ఏడుంపావుకి కిందకి దిగాను. గుమ్మం దగ్గర బావ చెప్పులు లేవు. అక్క కాఫీ కలుపుతోంది.

"బావేడి?"

"ఆరున్నరకే వెళ్లిపోయాడు. ఎండెక్కితే కప్పు మీద నిలబడలేమని అద్దాలాయన ఫోను చేశాడు. ఏంటే? ఏమైందే?"

ఫోను చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. పని దగ్గర ఫోన్లు లాకరులో పెడతారు, వాళ్ల నిబంధన. మంచి నిబంధనే. ఇవాళ దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను.

చెప్పులు లేకుండా పరుగెత్తాను. ఇంటి నుంచి లాండ్రీకి పన్నెండు నిమిషాల నడక. ఎన్ని నిమిషాల పరుగో తెలియదు. రోడ్డు పొడుగునా ఒక్కటే, చెవులు చప్పుడు కోసం వెతుకుతున్నాయి. లారీ తలుపు ధడాలుమంటే మోకాళ్ల మీద కూలబడ్డాను. లేచాను. పాత్రలు పడ్డ చప్పుడుకి మళ్లీ ఆగాను. దేవుడా, ఈ ఒక్కసారికి అని ఎన్నిసార్లు అన్నానో. నాకు దేవుడితో పెద్దగా మాటల్లేవు.

లాండ్రీ గేటు దాటగానే కనిపించాడు అద్దాలాయన. ట్యాంకు కప్పు మీద ఉన్నాడు, అద్దాలు కళ్ల మీదకి దించుకుని. చేతిలో గ్రైండరు. పాత అతుకు గీకడానికి సిద్ధంగా ఉన్నాడు. గ్రైండరు తాకితే రవ్వలు వానలా పడతాయి.

వైరు పొడవు చాలలేదు. అంతే. గోడ దగ్గర ప్లగ్గుకి, కప్పు మీద గ్రైండరుకి మధ్య రెండు మూరలు తక్కువైంది. పొడవు వైరు తేవడానికి బావ షెడ్డులోకి వెళ్లాడు. నేను వెళ్లేసరికి ఆయన వైరు చుట్ట భుజాన వేసుకుని వస్తున్నాడు.

"పెట్టకు! ప్లగ్గు పెట్టకు బావా!"

నా గొంతు నాకే తెలియలేదు. బావ నిలబడిపోయాడు. నా కాళ్ల వైపు చూశాడు. రక్తం కారుతోంది. "అక్కకేమైంది?" అన్నాడు. అక్కకేమో అయిందనుకున్నాడు, పాపం.

అప్పుడు చెప్పాను. ఇరవై ఏడు రోజులు నోట్లో పెట్టుకున్నది నాలుగు ముక్కల్లో అయిపోయింది. "అలారం కట్టేశాను బావా. నాలుగో తారీఖు నుంచి. నీళ్లలో ఆసిడ్ ఉంది. ట్యాంకు నిండా గ్యాసుంటుంది, నిప్పు తగిలితే పేలుతుంది. అద్దాలన్నా, మెల్లగా దిగు. గ్రైండరు అక్కడే వదిలేసి దిగు."

అద్దాలాయన దిగాడు. మెట్టు మెట్టుకీ నా వైపు చూస్తూ దిగాడు.  బావ వైరు చుట్ట నేల మీద పెట్టాడు. ఎంత మెల్లగా పెట్టాడంటే, నిద్రపోతున్న పసిపిల్లని పడుకోబెట్టినట్టు. మమ్మల్నిద్దర్నీ గేటు అవతలికి తోసి అగ్నిమాపక దళానికి ఫోను చేశాడు.

వాళ్లు గ్యాసు చూసే పెట్టె తెచ్చారు. ట్యాంకు కప్పు మీద పగులుకి ఇంకా బారెడు దూరం ఉండగానే అది కీచుకీచుమని అరవడం మొదలుపెట్టింది. పెట్టె పట్టుకున్నాయన వెనక్కి దిగిపోయాడు. అందర్నీ రోడ్డు దాకా జరగమన్నాడు.

"ఒక్క రవ్వ పడి ఉంటే" అన్నాడు. 

మా ప్లాంటుకి వెళ్లాను. సారు ఇంటి నుంచి పరుగెత్తుకొచ్చారు, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని. ఆయన ఎదురుగానే పెట్టె తెరిచి తీగ లాగేశాను. తీగ ఇంకా నా చేతిలో ఉండగానే అలారం మోగింది. పది నిమిషాలు మోగింది. అందరూ చెవులు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. తర్వాత లైను తనంతట తనే మూసుకుంది, అది చేయాల్సిన పని అది చేసింది.

ఇంటికొచ్చేసరికి అక్కకి తెలిసిపోయింది. నా కాళ్లు కడిగింది. తోలు ఊడిన వేళ్లతోనే మందు రాసింది. ఒక్క మాట కూడా మాట్లాడలేదు. తిడితే బాగుండు. ఈ ఇంట్లో నన్ను తిట్టని రోజు ఇదే.

బావ ఇంకా రాలేదు.

సెప్టెంబరు 1, సోమవారం

హార్బరు భద్రత అధికారి వచ్చింది. వయసులో నాకంటే చిన్న. గట్టిగా మాట్లాడదు, అందుకే ఇంకా భయమేసింది. మా కూలరు విప్పించింది. మూడు గొట్టాలకి చిల్లులు. నా ఎర్ర తీగ ఒక కవరులో వేసి పైన నంబరు రాసుకుంది.

"రెండో మీటరు చూద్దాం" అంది.

అందరం లాండ్రీకి వెళ్లాం. గోడ పక్కన బూడిదరంగు పెట్టె. బావ అక్కడే నిలబడి ఉన్నాడు. రాత్రంతా నిద్రపోలేదని మొహం చెబుతోంది. ఆవిడ స్క్రూలు విప్పి మూత తీసింది.

లోపల తీగ ముక్క. నీలం రంగు. రెండు కొనలకీ టేపు చుట్టి ఉంది, చాలా శుభ్రంగా. టేపు మీద బావ చేతిరాత: నవంబరు 9.

లైను మొదలైంది నవంబరు ఏడున. మూడో రోజు.

 ఇన్ని రోజులు, పేజీ పేజీకీ, నేను చెవి పెట్టుకుని కూర్చున్నది దీని కోసమా?

"ఎందుకు వేశారు?" అని అడిగింది ఆవిడ.

బావ చెప్పాడు. "కొత్తలో ఊరికే మోగేదండీ. మోగినప్పుడల్లా ఉతుకు ఆగిపోయేది. అయినా అటువైపు మా మరదలుందండీ. దానికి తెలియకుండా ఒక్క చెడ్డ చుక్క ఇటు దాటదు. దాని సంగతి నాకు తెలుసు. ఇంక ఇది దేనికిలే అని..."

నా వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి పెట్టె మూత చేతిలోకి తీసుకుని దాని దుమ్ము తుడుస్తున్నాడు.

ఆవిడ సంచీలోంచి కాగితాల కట్ట తీసింది. మా నెలవారీ కాగితాలు. లాండ్రీ వైపు మీటరు, పరీక్షించితిని, బాగున్నది. నవంబరు నుంచి ఆగస్టు దాకా పది.

"ఈ పది సంతకాలూ మీవేనా?"

"నావేనండీ."

"పది నెలల్లో ఒక్కసారైనా ఈ మూత తీశారా?"

ఒక్కసారి తీసి ఉంటే, మొదటి నెలలోనే నీలం తీగ కనిపించేది. ఇద్దరం కలిసి బావని ఏడిపించేవాళ్లం. అక్క తిట్టేది. ఆరోజుతో అయిపోయేది.

"లేదండీ" అన్నాను.

"ఎందుకు తీయలేదు?"

"ఇక్కడ మా బావ ఉన్నాడు కదా అని."

ఆవిడ రాసుకుంటున్న చేయి ఆగింది.  తర్వాత మళ్లీ రాసుకుంది.

సెప్టెంబరు 2, మంగళవారం

పొద్దున్నే నిచ్చెన ఎక్కి మూడు పలకలూ తీసేశాను. ఒకే ఒక్క సున్నా తగిలించాను. నన్ను ఉద్యోగంలోంచి ప్రస్తుతానికి పక్కన పెట్టారు. ఆ పని చేయాల్సిన అవసరం నాకు లేదు. అయినా అది ఇంకెవర్నీ చేయనిచ్చేదాన్ని కాదు.

పెద్దలు రాలేదు. అధికారి చెప్పడం, లైను మళ్లీ నడుస్తుందట, రెండు మూడు నెలల్లో. లాండ్రీకి కూడా వేడి మాత్రమే వెళ్తుంది, నీళ్లు వెళ్లవు. మీటరు పెట్టెలకి సీలు. అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు చూడాలి. నా లైను చావలేదు. నేను దాని దగ్గర ఉంటానో లేదో తెలియదు. విచారణ పదిహేనున. భయంగానే ఉంది. కాని ఈ భయానికి ఒక తేదీ ఉంది. పాత భయానికి అది లేదు.

లాండ్రీలో ఎక్కడి నుంచో అద్దె బాయిలర్ తెచ్చారు. మధ్యాహ్నం అక్క ఫోను చేసింది. మొన్నటి నుంచి నాతో మాట్లాడని మనిషి. "నురగ వచ్చిందే" అంది. అంతే. పెట్టేసింది. ఫోను పట్టుకుని ఏడ్చాను, ఈ నెలంతా ఏడవనిది కలిపి.

సాయంత్రం బావ పైకి వచ్చాడు. ఎప్పుడూ రాడు, కిందనుంచి కేక వేస్తాడు. కుర్చీ ఇచ్చాను, కూర్చోలేదు. ఆయన్నీ పక్కన పెట్టారు, నాలాగే.

"నువ్వు రాకపోతే నేను లేను" అన్నాడు.

"నేను తీగ వేయకపోతే అసలు ఆ అవసరమే రాదు బావా."

"నేనూ వేశాగా. నీకంటే తొమ్మిది నెలల ముందు వేశాను." ఆరోజు టేపు చుట్టిన బొటనవేలు రుద్దుకున్నాడు. "అందరూ నన్ను అడుగుతున్నారు, ఆ పిల్ల మీద కోపం లేదా అని. ఏం చెప్పను? నేను నిన్ను నమ్మాను, అదే నేను చేసిన తప్పు అని చెబితే వినడానికే బాగాలేదు."

"ఇకనుంచి నమ్మకు."

"సరే. నువ్వూ నన్ను నమ్మకు."

"నమ్మను."

ఇద్దరికీ టీ పెట్టాను. నిలబడే తాగాడు. సబ్బు సంగతి, అక్క వేళ్ల సంగతి మాట్లాడాడు. వెళ్తూ వెళ్తూ వంటగదిలోకి తొంగిచూసి, స్టౌ కట్టేశానో లేదోనని మీట తిప్పి చూశాడు. ఆయన మెట్లు దిగాక నేనూ వెళ్లి చూశాను.